చీలమండ ఫ్యూజన్: కీహోల్‌లోనా, ఓపెన్‌లోనా?

మీ నాన్నగారికి చీలమండలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని, ఫ్యూజన్ ఆపరేషన్ (కీలులోని ఎముకల్ని కలిపి అతికించేయడం) ఒక డాక్టర్ కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేద్దామంటే, ఇంకొకరు ఓపెన్‌లో, అంటే పెద్ద కోత పెట్టి చేద్దామంటున్నారని రాశారు. నేను 2019లో కుడికాలికి కీహోల్‌లో చేయించుకున్నాను. రెండేళ్ల తర్వాత మా బావగారికి ఓపెన్‌లో చేశారు. రెండూ దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

నాది పాత దెబ్బ. 2004లో బండి మీంచి పడి విరిగిన చోటే తర్వాత అరిగింది. మోకాలిలా వయసుతో అరగడం ఇక్కడ తక్కువ, ఎక్కువమందికి పాత దెబ్బే కారణం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో నా కీలు అరిగినా నిటారుగానే ఉంది, అందుకే కీహోల్ కుదిరింది. బావగారి పాదం లోపలికి ఒరిగిపోయింది. ఆయన చెప్పులు చూస్తేనే తెలిసేది, బయటి అంచు కాగితంలా పలచబడి ఉండేది. అంత వంకరను చిన్న రంధ్రాల్లోంచి సరిచేయడం కష్టం. మామూలుగా 15 డిగ్రీలు దాటితే ఓపెన్ వైపే మొగ్గుతారు. చెయ్యి తిరిగినవాళ్లు అంతకన్నా ఎక్కువ ఒరిగినా కీహోల్‌లో చేస్తున్నారనుకోండి.

లోపల జరిగే పని మాత్రం రెండింట్లోనూ ఒకటే. మిగిలిన గుజ్జు గీకేసి, ఎముకలు రెండూ ఆనించి స్క్రూలు బిగిస్తారు. తేడా అంతా పైన కోతలోనే. నాకు ముందువైపు రెండు చిన్న గాట్లు, మూడోరోజు ఇంటికొచ్చేశా. బావగారికి బయటివైపు జానెడు కోత. షుగర్ కూడా ఉండటంతో గాయం మానడానికి నెల పట్టింది. మీ నాన్నగారికి షుగర్ ఉంటే ఈ ఒక్క విషయంలో కీహోల్ మేలు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కోత చిన్నదే కదా అని నాలుగోవారంలో రాత్రిపూట బాత్రూంకి వెళ్తూ కాలు మోపేశాను. డాక్టర్ బాగా చీవాట్లు పెట్టారు. కోత ఎంతదైనా ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు చీలమండను కదలనివ్వని ప్రత్యేకమైన బూటు వేసుకునే నడవాలి. నాకు పూర్తిగా అతుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. సిగరెట్ అలవాటుంటే అసలు అతుక్కోకపోయే ప్రమాదం ఎక్కువ. బావగారి చేత మానిపించాకే ఆపరేషన్ డేట్ ఇచ్చారు.

ఇప్పుడు నొప్పి లేదు. చదునైన రోడ్డు మీద నడుస్తుంటే ఎవరూ పోల్చుకోలేరు. గొంతుక్కూర్చోవడం మాత్రం పోయినట్టే. గుళ్లో చెప్పుల్లేకుండా ప్రదక్షిణాలు చేయడం కూడా కష్టమే, ఎందుకంటే అడుగు వంపు తిరిగిన బూట్లతోనే నడక సాఫీగా ఉంటుంది.

ఇద్దరు డాక్టర్లనీ పాదం ఎన్ని డిగ్రీలు ఒరిగిందో, కీహోల్‌లో ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే ఆపరేషన్‌కి ముందే పెట్టించండి. మేం తర్వాత పెట్టించాం, మేస్త్రీ వచ్చేదాకా పది రోజులు పడ్డ పాట్లు ఇక్కడ రాయలేను.