ముక్కులో సీసం

ఒరేయ్ కార్తీక్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు హాలంతా కాగితాలు పరిచి విమానం కడతానంటున్నాడు, నువ్వైనా వద్దని చెప్పు" అంది. నాకు ముందు ఛాతీ పొంగింది. తర్వాత నిద్ర పట్టలేదు.

పైపర్ కబ్ అనే చిన్న విమానానికి నమూనా, రేడియోతో ఎగరేసేది, నాలుగో వంతు సైజట. అసలు కబ్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 35 అడుగుల 3 అంగుళాలు. అందులో నాలుగో వంతంటే దాదాపు 106 అంగుళాలు. మీ నిజాంపేట అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కొలిచావా? రెక్క రెండు ముక్కలుగా కట్టు, మధ్యలో అల్యూమినియం గొట్టం పెట్టు. ప్లాన్ ప్రింట్ తీయించగానే స్టీల్ స్కేలుతో పొడవూ వెడల్పూ సరిచూడు, ప్రింటర్లు ఒక్కోసారి ఒక వైపు సాగదీస్తాయి. ఒక రెక్కే గీసి ఉంటే కాగితానికి నూనె రాసి తిరగేసుకో, గీతలు ఇవతలికి కనిపిస్తాయి. లేదంటే రెండూ ఎడమ రెక్కలే తయారవుతాయి. నవ్వకు, ఒకడికి అయ్యాయి. ఎవరికని అడక్కు.

జిగురు ఆరకుండా బల్ల మీంచి లేపకు. వానాకాలంలో మరీను.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. 1986, ఘట్‌కేసర్ దాటాక ఒక బీడు. నాకు ఇరవై రెండేళ్లు, చేతిలో ఆరడుగుల రెక్కల విమానం. నెల ముందే రెక్క కింద రెండు వేళ్లు పెట్టి తూచాను, ప్లాన్‌లో గుర్తున్న చోటే సమంగా నిలిచింది. తర్వాత మేడమెట్ల దగ్గర తోక గోడకి తగిలి చిట్లింది. ప్లైవుడ్ ముక్క వేసి, అరల్డైట్ దండిగా పూసి అతికించా. అంతా కలిపి 60 గ్రాములు పెరిగుంటుంది. 60 గ్రాములేం చేస్తాయిలే అనుకున్నా. బరువు నిలిచే చోటి నుంచి తోక మూడడుగుల దూరం, ముక్కు ఒక్క అడుగు. తోకలో 60 పెరిగితే ముక్కులో 180 గ్రాముల సీసం వేయాలి. తక్కెడ పట్టే కూరగాయల అవ్వనడిగినా చెప్పేది. నేను మళ్లీ తూచలేదురా.

లేవడం ఠీవిగానే లేచింది. ముక్కు పైకెత్తింది. చేతిలోని రేడియో స్టిక్ ముందుకు తోస్తే కిందకి దూకింది, వెనక్కి లాగితే ఇంకా నిక్కింది. మూడోసారి గాల్లో ఆగిపోయినట్టయింది, ఎడమ రెక్క వాల్చి తిరుగుతూ పడింది. మీ అమ్మ ఉన్న వైపే. పదేళ్ల పిల్ల, ఉడకబెట్టిన పల్లీల పొట్లం పట్టుకుని నిలబడింది. మధ్యలో ఇరవై అడుగులు లేవు. నా కాళ్లు కదల్లేదు. అది పొట్లం వదల్లేదు. "అన్నయ్యా, ఇంకోటి చేస్తావా?" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పటికీ. నిన్న ఫోన్లో అది "వద్దని చెప్పు" అంటుంటే నాకు ఆ పొట్లమే కనిపించింది.

నాది రెండు కిలోలు. నీది ఏడెనిమిది తప్పదు, పైగా పెట్రోల్ ఇంజన్. కాబట్టి బ్యాటరీ మార్చినా, చక్రం మార్చినా, ఆఖరికి రంగు పూసినా మళ్లీ తూచు. బద్ధకిస్తే చెంప పగలగొడతా. ఇంజన్ తిరుగుతుంటే ఫ్యాన్ పక్కన నిలబడకు, వెనక నిలబడు. ఎగరేసే ముందు రేడియో రేంజ్, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే ఇంజన్ తగ్గించే ఏర్పాటు) చూసుకో. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క వెనక అంచున ఉన్న కదిలే రేకు పైకి లేవాలి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ మన చుట్టూ ఉన్న రన్‌వేలే. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా గ్రౌండ్ మాట ఎత్తకు.

సీసం కోసం రాణిగంజ్ వెళ్లకు. ఆ పడిపోయిన మర్నాడే 180 గ్రాములు కొన్నాను, ఎందుకో. బిస్కెట్ డబ్బాలో అలాగే ఉంది. ఆదివారం మల్కాజిగిరి రా, అత్తయ్య పులిహోర చేస్తానంది. నీ విమానానికి అది చాలదనుకో, అయినా ముందు అది వేశాకే మిగతాది వేయి.

మొదటిసారి ఎగరేసే రోజు మీ అమ్మనీ తీసుకురా. నా వెనకాల నిలబెట్టుకుంటా.

మీ మామయ్య