లక్ష్మా గౌడ్‌ని పెయింటర్ అనాలా, ప్రింట్‌మేకర్ అనాలా?

ముందు ప్రింట్‌మేకర్, అంటే లోహపు పలక మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళాకారుడు; తర్వాతే పెయింటర్. ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్స్ (ప్రింట్‌మేకింగ్) విభాగంలో చదివి, యాసిడ్ ట్రేల పక్కన ఏళ్లు గడిపినవాడిగా ఇందులో నాకు రెండో మాట లేదు. ఆయన రంగుల బొమ్మల్లో కూడా పనిచేసేది జింకు పలక మీద సాధన చేసిన గీతే.

ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి 1963లో బరోడా వెళ్లారు. అక్కడ చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గురువు. మ్యూరల్ (గోడ బొమ్మలు), ప్రింట్‌మేకింగ్ నేర్చుకుని తిరిగి ఇటే వచ్చేశారు. దూరదర్శన్‌లో ఉద్యోగం, సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు, 2016లో పద్మశ్రీ. ఇవి ఎక్కడైనా దొరికే సంగతులే.

చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో ఆయన పాత ఎచింగ్ ఒకటి చూశాను. పూత పూసిన లోహపు పలక మీద గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి తీసే అచ్చునే ఎచింగ్ అంటారు. మేక, చెట్టు, మనుషులు ఒకరిలోంచి ఒకరు మొలిచినట్టున్నారు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి వెళ్తే మేక ఒంటి మీద వెంట్రుకలు దేనికదే కనిపించాయి. కొన్ని లేత, కొన్ని ముదురు. లేత గీతలు కావాలంటే పలకను యాసిడ్‌లో కాసేపే ఉంచి తీసి, ఆ గీతల్ని వార్నిష్‌తో మూసేసి, మిగతాది మళ్లీ ముంచాలి. నీడల కోసం రెజిన్ పొడి చల్లి, కింద నుంచి వేడి చేసి అంటించి, మళ్లీ యాసిడ్‌లో ముంచాలి. బొమ్మంతా కుడి ఎడమలు తారుమారుగా ఊహించుకుని గీయాలి. ఆ పలకను ఎన్ని విడతలు ముంచి ఉంటారా అని లెక్కేసుకుంటుంటే, పక్కనే ఒక పెద్దాయన కొడుకుతో "ప్రింటేలేరా, ఒరిజినల్ కాదు, పద" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సార్, ఒక్క నిమిషం" అని ఆపాను. కాగితం మీద పలక అంచు నొక్కుకుపోయిన గుర్తు చూపించాను. కింద పెన్సిల్‌తో వేసిన అంకె (ఎన్ని కాపీల్లో ఇది ఎన్నోదో చెప్పేది), సంతకం చూపించాను. ప్రతి కాపీకీ పలకకు మళ్లీ ఇంకు పట్టించి, గుడ్డతో, ఆపైన అరచేత్తో తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్ తిప్పాలని చెప్పాను. పెద్దాయన తలూపి ముందుకు వెళ్లిపోయాడు. పిల్లాడు మాత్రం "మరి ఆ పలక ఏదీ, అన్నా?" అని అడిగాడు. అనుకున్నన్ని తీశాక, ఇంకెవరూ తీయకుండా చాలాసార్లు పలకకు అడ్డంగా గీతలు కొట్టేస్తారని చెబితే వాడి మొహం చిన్నబోయింది. చిత్రకళ మీద నేను విన్న ప్రశ్నల్లో అంత సూటి ప్రశ్న ఇంకోటి లేదు.

ఆయన తొలినాళ్ల బొమ్మల్లోని కామాన్ని చూసి బూతు అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మేకలు, పొలాలు, మనుషుల దేహాలు అన్నీ ఒకే ప్రాణంగా బతికే ఊరు అది. పట్నం సిగ్గుతో దాన్ని కొలిస్తే ఏం కనిపిస్తుంది? మన పత్రికలు కూడా ఆయన గురించి రాస్తే రంగురంగుల ఆడవాళ్ల మొహాలే అచ్చేస్తాయి. 1970ల నాటి నలుపు తెలుపు ఎచింగ్‌ల జోలికి పోవు.

ఇప్పుడు ఇంకో దారుణం. పెయింటింగ్‌ని ఫొటో తీసి, మంచి కాగితం మీద డిజిటల్‌గా అచ్చేసి, కింద సంతకం పెట్టించి 'లిమిటెడ్ ఎడిషన్' (ఇన్నే కాపీలు) అని అమ్ముతున్నారు. అందులో పలకే ఉండదు. ఏ చిత్రకారుడిదైనా ప్రింటు కొనేటప్పుడు పలక ఎవరు చేశారు, ఎన్ని తీశారు అని అడగండి. దుకాణంవాళ్లు నీళ్లు నమిలితే అక్కడ డబ్బు పెట్టొద్దు.