షుగర్ పడిపోయినప్పుడు: ముందు నోట్లో వేసుకో, తరువాత ఆలోచించు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఇన్సులిన్ మొదలుపెట్టారని మీ అమ్మ చెప్పిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. సూది గుచ్చుకోవడం నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది కనుక దాని గురించి నేను చెప్పవలసిందేమీ లేదు. షుగర్ పెరిగితే ఏమేం ముప్పులు వస్తాయో నీకు ఈపాటికి అందరూ చెప్పే ఉంటారు. షుగర్ పడిపోయినప్పుడు మనిషి ఏ స్థితిలో ఉంటాడో మాత్రం అనుభవించినవాళ్లు చెబితేనే సరిగ్గా తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఇన్సులిన్‌తో బతుకుతున్నదాన్ని కాబట్టి ఆ మాట నీకు చెప్పే బాధ్యత నాదే అనుకుంటున్నాను.

మొదట ఒక రాత్రి సంగతి విను. ఇన్సులిన్ మొదలుపెట్టిన రెండో సంవత్సరంలో ఒకనాడు అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. జాకెట్టు వీపుకు అతుక్కుపోయేంతగా చెమట పట్టింది, గుండె దడదడలాడుతోంది. షుగర్ పడిపోయిందని నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. కాని దాని మూత ఎటు తిప్పాలో తెలియలేదు. రోజూ తీసే డబ్బానే, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూతను వేలితో తడుముతూ, ఇది ఎందుకు తెరుచుకోవడం లేదని ఏడుస్తూ నేల మీద కూర్చుండిపోయాను. చప్పుడుకు లేచి వచ్చిన మీ పెదనాన్న నా నోట్లో పంచదార పోస్తుంటే ఆయన చెయ్యి తోసేసి కసిరానట. ఆ కసిరిన సంగతి నాకు ఈ నాటికీ గుర్తు లేదు.

అలా ఎందుకయిందో తరువాత అర్థమైంది. మెదడు ముఖ్యంగా గ్లూకోజ్ మీదనే ఆధారపడి పనిచేస్తుంది, దాన్ని తనలో దాచుకోగలిగేది చాలా తక్కువ. రక్తంలో గ్లూకోజ్ తగ్గుతున్నప్పుడు శరీరం ముందుగా అడ్రినలిన్ విడుదల చేసి హెచ్చరిస్తుంది; చేతులు వణకడం, చెమట, గుండె దడ, ఒక్కసారిగా ముంచుకొచ్చే ఆకలి అప్పటివే. ఇంకా తగ్గితే మెదడుకే కొరత పడి చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, ఉత్తపుణ్యానికి కోపం వస్తుంది, చేస్తున్న పని చేతిలోనే మరిచిపోతాం. అంటే ఏం చేయాలో నిర్ణయించవలసిన బుద్ధే ఆ సమయంలో మన దగ్గర ఉండదు. అందుకే చేయవలసినదంతా ముందుగానే నిర్ణయించుకుని, వస్తువులు చేతికి అందేలా పెట్టుకుని, ఆ క్షణంలో ఆలోచించే అవసరమే లేకుండా చేసుకోవాలి. ఈ ఉత్తరంలో మిగిలినదంతా ఆ ఏర్పాటు గురించే.

గ్లూకోమీటర్‌లో డెసిలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ కనిపిస్తే అది లో షుగర్. ఒంట్లో బాగానే ఉందనిపించినా సరే, అప్పుడే వైద్యం చేసుకోవాలి. 54 కంటే తక్కువైతే అది ప్రమాదకరమైన స్థాయి. మీటర్ దగ్గర లేకపోతే, లేక దాన్ని వెతుక్కోవలసి వస్తే, లక్షణాలను నమ్మి ముందు తీపి తీసుకో. పరీక్ష చేసుకునేటప్పుడు వేళ్లు కడుక్కోవడం మరవకు; వేలికి పండ్ల రసమో పంచదారో అంటుకుని ఉంటే 60 ఉన్న షుగర్ 110గా కనిపించి నిన్ను మోసం చేయవచ్చు. చర్మానికి అతికించుకునే సెన్సర్ వాడితే, షుగర్ వేగంగా మారుతున్నప్పుడు అది అసలు రక్తంలోని విలువ కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుందని గుర్తుంచుకో.

వైద్యం చిన్నదే. త్వరగా రక్తంలో కలిసే 15 గ్రాముల పిండిపదార్థం తీసుకుని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ పరీక్షించుకోవాలి. ఇంకా 70 దాటకపోతే మరో 15 గ్రాములు. ఒక పెద్ద చెంచా పంచదార, అర గ్లాసు పండ్ల రసం, నాలుగు గ్రాముల గ్లూకోజ్ బిళ్లలు నాలుగు, వీటిలో ఏ ఒక్కటైనా ఇంచుమించు ఆ కొలతకే వస్తుంది. చాక్లెట్ తీపిగా ఉన్నా అందులోని కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టి అది ఇందుకు పనికిరాదు. షుగర్ లేదని రాసి ఉండే శీతల పానీయాలు అసలే పనికిరావు. ఇంకొక్క విషయం చాలామందికి తెలియదు: అకార్బోజ్, వోగ్లిబోజ్ అనే షుగర్ మాత్రలు వాడేవారిలో పంచదార జీర్ణం కావడమే ఆలస్యమవుతుంది, కాబట్టి వారు తప్పనిసరిగా గ్లూకోజ్‌నే తీసుకోవాలి. నీ మాత్రల చీటీ ఒకసారి చూసుకో.

ఆ 15 నిమిషాలు ఆగడమే అన్నిటికంటే కష్టం. ఒళ్లంతా ఇంకా తిను, ఇంకా తిను అని కేకలు పెడుతుంది. నేను ఎన్నోసార్లు ఆ భయానికి లొంగిపోయి, వంటింట్లో నిలబడి దొరికినదల్లా తిని, రెండు గంటల తరువాత 300 చూసుకుని, దాన్ని దించడానికి మళ్లీ ఇన్సులిన్ వేసుకుని, తిరిగి పడిపోయిన రోజులున్నాయి. ఆకలి నిజమే, కాని లోపలికి వెళ్లిన తీపి పని చేయడానికి వ్యవధి కావాలి. గడియారం ఎదురుగా కూర్చో. నడవకు, మెట్లు ఎక్కకు. 70 దాటిన తరువాత, భోజనానికి ఇంకా గంటకు పైగా సమయం ఉంటే, మళ్లీ పడిపోకుండా కాస్త నిదానంగా అరిగే ఆహారం తిను.

ఇన్సులిన్‌తో పాటు గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు కూడా షుగర్‌ను పడేస్తాయి. మాత్రల వల్ల వచ్చిన లో షుగర్ ఒకసారి సర్దుకున్నట్టే ఉండి, గంటలు గడిచాక తిరగబెడుతుంది; మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రిలో చూపించుకోవడమే మంచిది.

కారణాలు సాధారణంగా మూడు నాలుగే. సూది వేసుకుని భోజనం ఆలస్యం చేయడం, అలవాటు లేని శ్రమ, మోతాదు పొరపాటు, మద్యం. శ్రమ ప్రభావం ఆ పూటతో పోదు, మరుసటి రోజు దాకా ఉండవచ్చు. మద్యం కాలేయం గ్లూకోజ్ తయారుచేసే పనిని అడ్డుకుంటుంది, అందువల్ల రాత్రి తాగితే తెల్లవారుజామున పడిపోయే ప్రమాదం ఉంది. పైగా చూసేవారు మత్తు అనుకుని వదిలేస్తారు. ఒకే చోట పదేపదే గుచ్చితే చర్మం కింద గడ్డలు కట్టి, ఇన్సులిన్ ఒకరోజు తక్కువగా, ఒకరోజు ఎక్కువగా ఒంటబడుతుంది. కాబట్టి చోటు మారుస్తూ ఉండు.

నిద్రలో పడిపోతే పీడకలలు వస్తాయి, చెమటతో పక్క తడుస్తుంది, పొద్దున తలనొప్పితో లేస్తావు. ఇవి కనిపిస్తే రెండు మూడు రాత్రులు మధ్యలో లేచి పరీక్షించుకుని, ఆ అంకెలు డాక్టరుగారికి చూపించు. తలగడ పక్కన గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకో, అవి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో మాత్రం వద్దు. నేను ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు.

తరచూ పడిపోతూ ఉంటే కొంతకాలానికి ఒళ్లు హెచ్చరించడం మానేస్తుంది. నాకు ఒక దశలో 48 ఉన్నా చెయ్యి కూడా వణికేది కాదు. అప్పుడు డాక్టరుగారు లక్ష్యాన్ని కొంత పెంచి, కొన్ని వారాల పాటు షుగర్ ఎక్కడా పడిపోకుండా చూస్తే ఆ హెచ్చరికలు మెల్లగా తిరిగి వచ్చాయి. రక్తపోటుకూ గుండెకూ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు కూడా దడనూ వణుకునూ కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించుకోవాలి.

బండి నడిపేముందు పరీక్షించుకో. దారిలో అనుమానం వస్తే పక్కకు ఆపి, తీపి తీసుకుని, షుగర్ సర్దుకున్నాక కూడా కనీసం 45 నిమిషాలు ఆగి కదులు. మెదడు తేరుకోవడానికి అంకె కంటే ఎక్కువ సమయం పడుతుంది.

ఈ చివరి మాట కోడలికి చదివి వినిపించు. నువ్వు స్పృహ తప్పితే, లేదా మింగలేని స్థితిలో ఉంటే, నోట్లో నీళ్లు గాని, రసం గాని, పంచదార గాని పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నిన్ను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లూకగాన్ ఇచ్చి, వెంటనే అంబులెన్సును పిలవాలి. గ్లూకగాన్ సూదిగానూ ముక్కులో కొట్టే పొడిగానూ దొరుకుతుంది. కాలేయంలో దాచి ఉన్న గ్లూకోజ్‌ను అది రక్తంలోకి విడుదల చేయిస్తుంది, అందుకే పస్తున్నప్పుడు, మద్యం తాగినప్పుడు అంతగా పనిచేయదు. అది నీకు అవసరమా అని డాక్టరుగారిని అడుగు. రాసిస్తే, పెట్టె తెచ్చిన రోజునే కోడలి చేత విప్పించి, ఎలా వాడాలో చూపించి, గడువు తేదీ మీద గుర్తు పెట్టించు. నువ్వు కసిరినా, వద్దని చెయ్యి తోసేసినా, స్పృహ ఉండి మింగగలుగుతున్నంత వరకు తీపి ఇవ్వడం ఆపవద్దని నా మాటగా చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ