కారు కింద చెయ్యి పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కారు పని ఇంట్లోనే చేసుకుంటానన్నావు, సంతోషం. పానాల పెట్టె కంటే ముందు జత జాకీ స్టాండ్లు (ఎత్తిన కారు బరువు మోసే ఇనుప కాళ్లు) కొనుక్కో. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది, పక్కనుంచి కాస్త తోపు తగిలినా ఒరిగిపోతుంది. హైడ్రాలిక్ జాకీ సీలు పోయిందంటే బండి కిందికి దిగిపోతుంది. బరువు స్టాండ్ల మీద కూర్చునేదాకా కారు కింద చెయ్యి కూడా పెట్టకు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలే వద్దు. అవి ముందుగా బీట చూపించవు, ఒక్కసారిగా పగులుతాయి.

నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టిలో స్టాండు కాళ్లు దిగబడతాయి. బండి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం ఎత్తావంటే ఆ పట్టు పోయినట్టే, ముందు చక్రాల కింద దిమ్మలే దిక్కు.

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చెయ్యి. ఎత్తాక పానా మీద బలం వేస్తే బండి ఊగుతుంది. జాకీ ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అక్కడే పెట్టు. ఫ్లోరు రేకు మీద పెడితే సొట్టపడి జారుతుంది. స్టాండు పిన్ను పూర్తిగా దూరిందో లేదో చూసి జాకీని మెల్లగా దించు. కింద దూరే ముందు బయట నిలబడి కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూడు. కదిలితే మళ్లీ ఎత్తి సరిచెయ్యి. ఊడదీసిన చక్రాన్ని తలుపుల కింది అంచు కింద పడుకోబెట్టు. స్టాండు జారినా మనిషికి కాస్త సందు మిగులుతుంది.

కరెంటు పనైతే బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పు, చివర్లో బిగించు. నెగటివ్ కారు బాడీకి కలిసి ఉంటుంది. అది ఉండగా పాజిటివ్ నట్టు విప్పుతున్న పానా బాడీకి తగిలితే షార్టే. 12 వోల్టులు షాకు కొట్టవు గానీ, షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి. పానాకీ బాడీకీ మధ్య ఉంగరం పడితే క్షణంలో కాలిపోయి వేలికి అంటుకుంటుంది. ఉంగరం, గడియారం తీసి లోపల పెట్టి రా.

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నువ్వు కింద ఉన్నంతసేపూ పిలిస్తే పలికే దూరంలో ఒకరు ఉండాలి.

చక్రం తిరిగి వేసేటప్పుడు నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా పట్టించు. బండి దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్ చెప్పినంత బిగించు. ఓ 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ వేసి చూసుకో.