నెలకోసారి తీసే పాత పద్మినిలో టిక్ టిక్: ఇంజిన్ దించే ముందు ఒకసారి వినండి

మీ నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మంటోందని, మెకానిక్ ఇంజిన్ దించాలన్నాడని రాశారు. దించనివ్వకండి. కనీసం ఒక్క ఆదివారం ఆగండి.

మా ఇంట్లోనూ పద్మినే. చెన్నై కోడంబాక్కంలో ఉంటాం. 1986 మోడల్, మా మామగారిది. ఆయన పోయాక రెండేళ్లు దాన్ని రోడ్డెక్కించలేదు. ఆదివారం పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాణ్ణి, అంతే. ఒకరోజు స్టార్ట్ చేయగానే కుట్టుమిషన్ తొక్కినట్టు టకటక మొదలైంది. వీధి చివర షెడ్డులో బానెట్ ఎత్తి పది సెకన్లు విన్నారు. "బేరింగ్ పోయింది, ఇంజిన్ దించాలి, అరవై వేలవుతుంది" అన్నారు. అత్తయ్యగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

పుదుపేటలో పాత స్పేర్ పార్టుల కొట్ల మధ్య పనిచేసే ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాను. నెల్లూరు మనిషి. టూల్ బాక్స్ తెరవనే లేదు. "మొక్కలకు నీళ్లు పెట్టే పైపు ముక్క ఉంటే ఇవ్వు బాబూ" అన్నారు. ఒక కొస చెవికి పెట్టుకుని, ఫ్యానుకు తగలకుండా రెండో కొసను ఇంజిన్ చుట్టూ తిప్పారు. ట్యాపెట్ కవర్ (వాల్వులను నొక్కే భాగాల మీది మూత) దగ్గర ఆగారు, తల అడ్డంగా ఊపారు. ఫ్యూయల్ పంప్ దగ్గరా అంతే. పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజిన్ హెడ్డుకు కలిసేచోట పైపు నా చెవికిచ్చారు. ఇనుము కొట్టుకునే చప్పుడు కాదది, చుఫ్ చుఫ్‌మని గాలి తన్నుకొస్తోంది. ఇంజిన్ చల్లారాక అక్కడ వేలు పెడితే కాటుకలా మసి. ఆ అతుకులో గాలి పోకుండా పెట్టే గాస్కెట్ కాలింది, ఒక నట్టు వదులైంది. ఇలాంటప్పుడు ఇంజిన్ పావుగంట నడిస్తే శబ్దం తగ్గిపోవడం కూడా అందుకేనట, ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు.

ట్యాపెట్ చప్పుడైతే ఇంజిన్ రెండు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి వస్తుంది, కాస్త తీరిగ్గా. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి వాల్వు సందు సరిచేస్తే పోతుంది. లోతు నుంచి ధన్ ధన్‌మని, లోడు పడితే ఇంకా గట్టిగా వస్తే అది బేరింగే. అప్పుడు మాత్రం వెంటనే ఆపేయండి. ఆయిల్ లైటు ఆరకపోయినా అంతే.

అసలు ఈ ఐదు నిమిషాల స్టార్టింగే పాత బండ్లను చంపుతోందని నా గట్టి నమ్మకం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ చేరిన నీటి ఆవిరి బయటికి పోదు. ఆయిల్ మూత తీస్తే అడుగున వెన్నలాంటి జిడ్డు కనిపిస్తుంది. పైగా మన చెన్నై గాలికి ఊరికే తుప్పు. దానిమీద ప్లాస్టిక్ కవర్ కప్పి చెమ్మను లోపలే ఉంచుతారు! ఇక ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులకు అసలు పడదు. నేను అన్ని పైపులూ మార్పించేశాను, మీరూ మార్పించండి.

ఇప్పుడు మేం పదిహేను రోజులకోసారి సముద్రతీరం వెంట వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద మహాబలిపురం దాకా వెళ్లొస్తాం. అత్తయ్యగారు ముందు సీట్లోనే కూర్చుంటారు.

మీ బండి చల్లగా ఉన్నప్పుడు ఎలా చప్పుడు చేస్తోందో, వేడెక్కాక తగ్గుతోందో లేదో చూసి ఇక్కడే రాయండి. ఈలోగా షెడ్డుకు అడ్వాన్స్ ఇవ్వకండి.