పొగమంచులో చిన్న పడవకు రాడారా, ఏఐఎస్సా?

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో తిరిగే 24 అడుగుల తెరచాప పడవకు, ఒకే బ్యాటరీతో, రాడార్ కొనాలా ఏఐఎస్ (ఓడలు తమ పేరు, స్థానం, వేగం రేడియో ద్వారా ప్రసారం చేసే వ్యవస్థ) కొనాలా అని అడిగారు. డబ్బు ఒక్కదానికే ఉంటే నా ఓటు ఏఐఎస్‌కే. అయితే ఓడలను చూపించి ఊరుకునే రిసీవర్ వద్దు. మీ ఉనికిని కూడా ప్రసారం చేసే క్లాస్ బి ట్రాన్స్‌పాండర్ తీసుకోండి. గోల్డెన్ గేట్ వంతెన కిందుగా వచ్చే కంటైనర్ ఓడలే మీకు పెద్ద గండం. వాటికి ఏఐఎస్ తప్పనిసరి. క్లాస్ బి ట్రాన్స్‌పాండర్‌కు మీ బ్యాటరీ చాలు.

రాడార్‌కు కరెంటు ఎక్కువ కావాలి, తెర చదవడం ఎండ రోజుల్లోనే సాధన చేయాలి. ఏఐఎస్ లేని చిన్న పడవను పట్టి చూపేది మాత్రం అదే. అలాగని దాన్నే నమ్ముకోవడమూ కుదరదు: 2007 నవంబరులో కాస్కో బుసాన్ ఓడ రాడార్ ఉండి కూడా పొగమంచులో బే బ్రిడ్జిని ఢీకొంది.

ఫోనులోని ఏఐఎస్ యాప్ ఇంటర్నెట్ నుంచి ఆలస్యంగా వచ్చే సమాచారం చూపవచ్చు, పైగా తడి వేళ్లకు ఫోను మాట వినదు. మిగిలిన డబ్బుతో రాడార్ రిఫ్లెక్టర్ (ఓడల రాడార్‌లో మీ పడవ బాగా కనబడేలా చేసేది), వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలు, ఓడలు మాట్లాడుకునే రేడియో) కొనండి. అఖాతంలో ఓడల రాకపోకలను చూసే కేంద్రం వాడే 14వ ఛానెల్ వింటే ఏ ఓడ ఎటు వస్తోందో తెలుస్తుంది. చేతి బూర ఉందా? పొగమంచులో రెండు నిమిషాలకు మించి విరామం ఇవ్వకుండా ఊదుతూ ఉండండి.