బఫర్ మార్చే ముందు హద్దులు చూసుకో

ఒరే అబ్బయా,

రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున మూలాపేటలో టీ తాగుతూ చూశాను. నోడ్ జేఎస్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) బఫర్‌ని, అంటే బైట్లు పెట్టుకునే చోటుని, అర్రేబఫర్‌గా మార్చడానికి అయిదు రకాలుగా రాసి, అయిదింటినీ కామెంట్‌లో పెట్టేసి, ఆరోదానికి కూర్చున్నట్టున్నావు. మార్చడం ఒక్క లైను పనేరా. నువ్వు తేల్చుకోనిది వేరే ఉంది, మార్చాక నీ చేతికొచ్చింది కొత్త కాపీనా, లేక పాత మెమరీకే ఇంకో పేరా అని.

మీ తాత పొలం కాగితాలు చూశావు కదా. సర్వే నంబరు ఒకటే, అందులో నలుగురి బిట్లు. అర్రేబఫర్ అంటే మొత్తం మెమరీ ముక్క, ఆ సర్వే నంబరు, బఫర్ అంటే అందులో మన బిట్టు. మన గట్టు ఎక్కడ మొదలయిందో బైట్‌ఆఫ్‌సెట్ చెబుతుంది, ఎంత విస్తీర్ణమో బైట్‌లెంగ్త్ చెబుతుంది. చిన్న స్ట్రింగుని బఫర్ చేసినప్పుడు నోడ్ దానికి విడిగా మెమరీ ఇవ్వదు, ముందే తీసిపెట్టుకున్న పూల్ లోంచి ముక్క కోసిస్తుంది, ఏళ్లుగా ఆ పూల్ సైజు 8192 బైట్లు. కావాలంటే 'నెల్లూరు' అనే మాటని బఫర్.ఫ్రమ్‌కి ఇచ్చి చూడు, లెంగ్త్ 24 వస్తుంది, ఎందుకంటే గుణింతం గుర్తులూ పొల్లూ కలిపి ఆ మాటలో 8 కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో విడివిడి గుర్తులు), అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కోదానికి 3 బైట్లు. ఇప్పుడు దానికే .బఫర్ అని పెట్టి (దాని వెనకున్న అర్రేబఫర్ అన్నమాట) బైట్‌లెంగ్త్ అడుగు. 8192 అంటుంది! మనది 24 సెంట్లయితే సర్వే నంబరు మొత్తం రాసిచ్చేసినట్టు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. అప్పట్లో పనిచేసిన చోట .బఫర్‌ని అట్లానే తీసి బయటికి పంపేశాను, ఒక కస్టమర్‌కి వెళ్లిన రశీదు ఫైలు చివర ఇంకో కస్టమర్ ఫోన్ నంబరు తేలింది, ఆ రోజు నాకు అన్నం దిగలేదు. టెస్టులో ఎందుకు దొరకలేదా అంటే, నేను చూసుకున్నవన్నీ పెద్ద ఫైళ్లు. పూల్‌లో సగం, అంటే 4 కేబీకి చేరిందంటే విడి మెమరీ వస్తుంది, అప్పుడు తప్పు రాసినా ఒప్పులాగే కనిపిస్తుంది. కాబట్టి టెస్టులో చిన్న డేటా కూడా పెట్టు.

సరైన లైను ఇది: బఫ్.బఫర్.స్లైస్(బఫ్.బైట్‌ఆఫ్‌సెట్, బఫ్.బైట్‌ఆఫ్‌సెట్ + బఫ్.బైట్‌లెంగ్త్). ఇది మన బిట్టు వరకే కాపీ తీసిస్తుంది. అసలు అవతలి ఫంక్షన్ యూఇంట్8అర్రే (ఒక్కో బైట్ చొప్పున అంకెల వరస) తీసుకునేదయితే ఏ మార్పిడీ అక్కర్లేదు, బఫర్ పుట్టిందే దాని వంశంలో, ఉన్నదున్నట్టు ఇచ్చెయ్.

వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో తిరకాసు. బఫర్.ఫ్రమ్‌కి అర్రేబఫర్ ఇస్తే అదే మెమరీని పంచుకుంటుంది, యూఇంట్8అర్రే ఇస్తే కాపీ చేస్తుంది. స్లైస్ కూడా అంతే, యూఇంట్8అర్రేలో కాపీ, బఫర్‌లో మాత్రం పంచుకోవడం. ఈ పేర్లు పెట్టినవాళ్లని ఏమనాలో నాకయితే తెలీదు. పంచుకోవాలంటే సబ్‌అర్రే అని రాయి, చదివేవాడికీ అర్థమవుతుంది.

ఇక నీ రొయ్యల గుంటల సెన్సార్ సంగతి. రీడింగులున్న ఫ్లోట్32అర్రేని (ఒక్కోటి 4 బైట్ల దశాంశ అంకెల వరస) నేరుగా బఫర్.ఫ్రమ్‌కి ఇచ్చావు చూడు, అది ఒక్కో అంకెనీ ఒక్క బైట్‌లోకి కుక్కేస్తుంది. ఆక్సిజన్ 5.6 ఉంటే 5 అవుతుంది, 300 అనే అంకె 44 అవుతుంది, ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు. బఫర్.ఫ్రమ్‌కి ఆ అర్రే .బఫర్, బైట్‌ఆఫ్‌సెట్, బైట్‌లెంగ్త్ మూడూ ఇవ్వు.

రేంజ్ ఎర్రర్ వచ్చిందేమో వేరే కథ. నీ ప్యాకెట్‌లో హెడర్ 6 బైట్లు, ఫ్లోట్32అర్రే 4 గుణిజమయిన బైట్ దగ్గర తప్ప మొదలవనంటుంది. దాన్ని బతిమాలకుండా రీడ్‌ఫ్లోట్ఎల్ఈ గానీ రీడ్‌ఫ్లోట్‌బీఈ గానీ వాడు, ఎక్కడనుంచయినా చదువుతాయి. ఎల్ఈ అంటే అంకెలో చిన్న విలువ బైట్ ముందు, బీఈ అంటే పెద్ద విలువ బైట్ ముందు, ఈ వరసనే బైట్ ఆర్డర్ అంటారు. రెండింట్లో ఏది అన్నది ఊహించి రాయొద్దు. తారుమారయితే 5 కాస్తా సున్నాకి వెంట్రుకవాసిలో కనిపిస్తుంది, రైతు అర్ధరాత్రి లేచి ఏరేటర్లన్నీ వేస్తాడు, కరెంటు బిల్లు వచ్చినప్పుడు నిన్ను తిడతాడు.

పరికరం వాళ్లిచ్చిన కాగితంలో బైట్ ఆర్డర్ ఉందేమో చూడు. లేకపోతే సరిగ్గా 5.0 వచ్చిన రీడింగ్ ఒకటి పట్టుకుని హెక్స్‌లో ప్రింట్ చెయ్, 40 ఏ0 00 00 అని కనపడితే బీఈ, 00 00 ఏ0 40 అయితే ఎల్ఈ. ఏది వచ్చిందో సాయంత్రంలోపు ఫోటో పెట్టు.

మీ మామయ్య